మా బాపు డైట్ చార్టు, మా ఊరి జొన్న చేను

మూడు నెలల క్రితం మా బాపుకు షుగర్ పెరిగిందని హన్మకొండలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్తే, మందుల చీటీతో పాటు రంగురంగుల డైట్ చార్టు ఒకటి చేతిలో పెట్టారు. పొద్దున ఓట్స్, పదకొండింటికి కివీ పండు, మధ్యాహ్నం కినోవా, రాత్రికి బ్రకోలీ సూప్, పైన ఆలివ్ నూనె, రోజూ నలభై అయిదు నిమిషాల నడక. ఈ ఆహారం మీ ఆరోగ్యానికే కాక భూగోళానికి కూడా మేలు చేస్తుందని అడుగున ఆకుపచ్చ అక్షరాలతో అచ్చు వేశారు. బాపు కళ్లద్దాలు పెట్టుకొని దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, "ఇందుల మన దిక్కు పండేది ఒక్కటన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగారు. నడక తప్ప ఏదీ కనిపించలేదు.

ఆ చార్టులో ఉన్న భూగోళం మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 16 దేశాలకు చెందిన 37 మంది నిపుణులతో ఏర్పడిన ఈట్-లాన్సెట్ కమిషన్ 2019 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. మనిషికి, నేలకు రెండింటికీ పనికివచ్చే భోజనం ఎలా ఉండాలో అందులో గ్రాముల్లో లెక్క కట్టారు. రోజుకు 2500 కేలరీల భోజనంలో ముడి ధాన్యం 232 గ్రాములు, పప్పుధాన్యాలు 75, పల్లీల వంటి గింజలు 50, కూరగాయలు 300, పండ్లు 200, పాలు 250 గ్రాములు ఉండాలని, మేక, గొర్రె, పశు, పంది మాంసాలన్నీ కలిపి సగటున 14 గ్రాములు చాలునని చెప్పారు. ఆ ధాన్యం ఓట్సే కావాలని గానీ, ఆ కూరగాయ బ్రకోలీయే కావాలని గానీ ఎవరూ శాసించలేదు. హన్మకొండ రైతుబజారులో గంగవాయిలి కూర, పుంటికూర, తోటకూర గోనె సంచుల మీద పోసి అమ్మే అవ్వల ముందు నిలబడి ఆ పట్టికను చదివినా సరిగ్గా సరిపోతుంది.

దూరం నుంచి వచ్చిన తిండి కాబట్టి పాపం అనే వాదన నాది కాదు. తిండి వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా చాలా తక్కువ. విమానంలో వచ్చే పండ్లను పక్కన పెడితే, ఓడలో వచ్చిన కినోవాను పట్టుకొని తిట్టడంలో అర్థం లేదు. నా అభ్యంతరం వేరు. ఆ చార్టు అసలు సంగతిని వదిలేసింది. మన కంచంలో కుప్పగా పోసుకునే తెల్లన్నం గురించి అందులో ఒక్క మాట లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదు. మా ఇంట్లో మూడు పూటలా అన్నమే. గరిటెడు పప్పు, ఇంత పచ్చిపులుసు, దాని కింద మూడు గరిటెల అన్నం, అదీ పాలిష్ పట్టి తవుడంతా తీసేసిన సన్నబియ్యం. బాపు షుగర్‌కు కారణం వెతకడానికి కంచం దాటి పోనక్కరలేదు.

ఇదే అన్నం నేలకు ఏం చేస్తుందో పొలంలో దిగితే తెలుస్తుంది. నాట్లు వేసి నెల గడిచిన మడిలో కాలు దించితే, పాదం చుట్టూ బురదలోంచి బుడబుడమని బుడగలు లేస్తాయి. చిన్నప్పుడు అది మాకు ఆట. నిలవ నీటి కింద గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు తయారు చేసే మీథేన్ ఆ బుడగల్లో ఉంటుందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. నూరేళ్ల లెక్కలో చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ పొడవునా, బోర్ల కిందా, రెండు కార్లూ వరే వేస్తున్న మన జిల్లాల్లో ఈ సంగతిని ఎవరూ మాట్లాడరు. మడిని ఎప్పుడూ నిండా నింపకుండా, నెర్రెలు పడబోయే ముందు మళ్లీ తడి పెట్టే ఆరుతడి పద్ధతిలో ఈ మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. అంటే వరిని వదిలేయమని కాదు, అన్నం మానేయమని అంతకన్నా కాదు. కుప్ప కొంత తగ్గించి ఆ చోట పప్పు పెంచమని మాత్రమే చెబుతున్నాను.

పప్పు సంగతి ఇంకా ఆసక్తికరం. కంది, పెసర, బబ్బెర మొక్కల వేళ్లకు ఉండే బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది కాబట్టి వాటికి యూరియా అవసరం నామమాత్రం. యూరియా ఊరికే రాదు. మన పక్కనున్న రామగుండం కర్మాగారం దాన్ని సహజవాయువుతో తయారు చేస్తుంది. చేనులో చల్లాక మొక్క వాడుకోగా మిగిలినదాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది, అది మీథేన్ కన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన వాయువు. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి తెల్లవార్లూ కాచుకున్నది మనందరం చూశాం. పత్తిలో నాలుగు సాళ్ల కంది వేసుకునే అలవాటు అప్పటికే సగం పోయింది.

మాంసం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో తెలంగాణకు పాఠం చెప్పడం కొందరికి మహా ఇష్టం. ఇక్కడ నూటికి 99 మంది మాంసాహారులే, అందులో తప్పేమీ లేదు. కమిషన్ లెక్క ప్రకారం వారానికి ఒక మనిషికి వంద గ్రాముల వేటమాంసం పడుతుంది, పండుగకూ పబ్బానికీ యాటను కోసిన మా ముందు తరం దాన్ని ఎన్నడూ దాటి ఉండదు. భూమి వేడెక్కే లెక్కలో చూస్తే, నెమరు వేసే మేక, గొర్రె వంటి జంతువుల కన్నా కోడి, చెరువు చేప చాలా నయం. కాకతీయుల కాలపు చెరువులున్న జిల్లాలో బొచ్చె, రవ్వ చేపలు దొరకక కాదు, మనకు వారం వారం మటన్ బిర్యానీ అలవాటైంది.

ఇక మా బాపమ్మ. ఆమె జీవితమంతా జొన్న గటక, మక్క గటక తిన్నది. ఆ మాట నేను గొప్పగా చెప్పబోతే బాపు ఒప్పుకోరు. "అన్నం దొరకక తిన్నది, ఆరోగ్యానికి తిన్నదా" అంటారు. పెద్ద పండుగకు మాత్రమే వరన్నం వండుకున్న ఇంట్లో పుట్టిన మనిషికి తెల్లన్నం అంటే గౌరవం. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయంటే, దాన్ని ఎగతాళి చేసే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అందుకే చిరుధాన్యాలు తినమని వేదికలెక్కి చెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. దాని ఫలితంగా మా వీధి సూపర్‌మార్కెట్‌కు వచ్చినవి చక్కెర కలిపిన రాగి బిస్కట్లు, పొట్టంతా తీసిన కొర్రల ప్యాకెట్లు. రేషన్ దుకాణానికి ఇంత జొన్న కూడా రాలేదు.

చివరికి జొన్న మన ఊర్లోనే పండిస్తే సరిపోతుంది కదా అని పరకాల దగ్గర ఉండే మా చిన్నాయనను అడిగాను. 2025-26కు క్వింటాల్ జొన్నకు 3,699 రూపాయలు, వరికి 2,369 రూపాయలు మద్దతు ధర అని కాగితం చూపించాను. ఆయన నవ్వారు. చెరువు కింద ఎకరానికి పాతిక క్వింటాళ్ల వడ్లు తీసే మనిషికి చెలక మీది ఏడెనిమిది క్వింటాళ్ల జొన్న లెక్క ఎలా కుదురుతుంది? అసలు కష్టం అది కూడా కాదన్నారు. "ఊరంతటికి నాదొక్కటే జొన్న చేనైతే మూడూర్ల పిట్టలు నా మీదనే వాల్తయి బిడ్డా. పిట్టలు పోంగ మిగిలింది కోతులు తింటయి." పది మంది కలిసి వేస్తే తలా ఇంత పోతుంది, ఒక్కడే వేస్తే మొత్తం పోతుంది. ఈ మాట ఏ డైట్ చార్టులోనూ నాకు కనిపించలేదు.

ప్రస్తుతానికి మా ఇంట్లో రాత్రిపూట జొన్న రొట్టె, పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి పప్పు కూర రెట్టింపు చేశాం. బాపు పదిహేను రోజులు గొణిగారు, ఇప్పుడు గొణగడం లేదు. వచ్చే వానాకాలం అర ఎకరం పచ్చజొన్న వేయడానికి చిన్నాయన ఒప్పుకున్నారు. పక్క చెలకల వాళ్లు ఇద్దరిని అడిగితే ఒకాయన సరేనన్నారు, రెండో ఆయన కాపలా ఎవరని అడిగారు. ఆ మాట ఫోన్‌లో విన్న బాపు, నడక ఎట్లాగూ తప్పదు కదా, మంచె మీద నేను కూసుంటానని చెప్పి, అటక మీద పాత వడిసెల ఇంకా ఉన్నదో లేదో చూడమన్నారు.