చరిత్ర మాస్టారికి వేషం కట్టకండి

క్రిస్మస్ తాత వేషం ఎవరికైనా వెయ్యొచ్చు గానీ, రిటైరైన చరిత్ర మాస్టారికి మాత్రం వెయ్యకూడదు. వేసేవాడు జ్వరమని ఆఖరి నిమిషంలో హ్యాండిచ్చాడు. ఆ ఎర్ర కోటుకి సరిపడా పొట్ట ఉన్నది మా బాబాయికే. "గంట కొట్టు, నవ్వు, బహుమతులు పంచు. నోరు మాత్రం విప్పకు" అని ఒకటికి పదిసార్లు చెప్పి, పిన్నే జిగురు రాసి దూది గడ్డం అంటించింది.

నోరు విప్పేవాడు కాదేమో. ముందు వరసలో ఓ చిట్టిది లేచి, "తాతా, యేసయ్య ఇవాళే పుట్టాడని ఎవరు చెప్పారు?" అంది.

పిన్ని కళ్లతోనే వద్దంది. బాబాయ్ అప్పటికే గొంతు సవరించుకున్నాడు.

"సువార్తల్లో తేదీ లేదమ్మా. రోమ్‌లో 354 నాటి ఓ పంచాంగంలో డిసెంబర్ 25 అని ఉంది. 274లో ఆరేలియన్ చక్రవర్తి సూర్యుడికి గుడి కట్టించాడు కదా, ఆ సూర్యుడి పండగ రోజునే దీనికీ పెట్టారని కొందరంటారు. కాదు, మార్చి 25న మరియమ్మ గర్భం దాల్చిందని లెక్కగట్టి, తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరు."

గర్భం అనేసరికి తల్లులు కంగారుగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈలోగా గడ్డం ఊడి నోట్లోకి పోతోంది. ఆయన మాట్లాడ్డం, థూ అనడం, మళ్లీ మాట్లాడ్డం. శతాబ్దానికో దూది పింజె చొప్పున రాలుతోంది.

తర్వాత పశువుల పాక మీద పడ్డాడు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి యేసు పుట్టిన దృశ్యం చూపించాడట. అక్కడితో ఆగాడా? "బాలయేసుని చూడొచ్చిన జ్ఞానులు ముగ్గురని సువార్తలో మత్తయి ఎక్కడా రాయలేదు" అన్నాడు. వేదిక మీద అట్ట కిరీటాలతో నిలబడ్డ ముగ్గురిలో చిన్నవాడు, తననే తీసేస్తారనుకుని, ఏడుపు లంకించుకున్నాడు.

"ఏడవకురా, అసలు పండగే తీసేశారు! 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్‌ని రద్దు చేస్తే కాంటర్‌బరీలో జనం తిరగబడ్డారు. అమెరికాలో మసాచుసెట్స్ వాళ్లయితే 1659లో, పండగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అన్నారు."

ఓ బుడతడు చేతిలో కేకు ముక్క గబుక్కున వీపు వెనక్కి పెట్టాడు.

"మరి నువ్వెవరు తాతా?"

"క్రిస్మస్ తాత కథకి మూలమైన నికొలాస్‌ని. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరాకి బిషప్పుని."

"ఆయన చచ్చిపోలేదా?"

హాలంతా నిశ్శబ్దం. పిన్ని బహుమతుల సంచీ ఈడ్చుకొచ్చి ఆయన కాళ్ల మీద పడేసింది. మాట మార్చాలని బాబాయికీ తోచింది, పాపం. "క్రిస్మస్ ఒక్కరోజే కాదర్రా. అర్మేనియా చర్చివాళ్లు జనవరి 6న చేస్తారు. రష్యావాళ్లది పాత క్యాలెండరు, వాళ్లకి 7న."

చిట్టిది వేళ్లు మడిచి లెక్కేసింది. "అంటే మూడు బహుమతులు! ఆరున ఎన్నింటికొస్తావు తాతా?"

పిల్లలంతా "తాతా! తాతా!" అంటూ లేచారు. బాబాయ్ జవాబు చెప్పబోయేలోగా పిన్ని మిగిలిన గడ్డం కూడా పీకి ఆయన నోట్లో కుక్కేసింది.