ఇప్పుడొస్తుంది చూడు

తెలుగు సినిమా తీసినవాళ్ళంతా కలిసి చేసిన పెద్ద పొరపాటు ఒకటుంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఏడవాలో, ఏ డైలాగుకి గూస్‌బంప్స్ తెచ్చుకోవాలో ముందుగా చెప్పే మనిషిని ఏ సినిమాలోనూ పెట్టలేదు. కె.వి.రెడ్డి అంతటివాడు 1957లో 'మాయాబజార్' తీస్తూ కూడా ఈ సంగతి ఆలోచించలేదు. పింగళి మాటలు, ఎస్.వి.రంగారావు కళ్ళు, మార్కస్ బార్ట్‌లే కెమెరా ఉంటే సరిపోతుందనుకున్నారు పాపం. ఆ లోటు తీర్చడానికే మా నెల్లూరులో సీనన్న పుట్టాడు.

సీనన్న అసలు పేరు వేరు, దాంతో మనకి పనిలేదు. మీ వీధిలోనూ ఒకడుంటాడు కాబట్టి ఎక్కువ పరిచయం కూడా అక్కర్లేదు. సినిమా పిచ్చి ఉండటం తప్పేం కాదు, నాకూ ఉంది. బాలసుబ్రహ్మణ్యం మావాడు, వాణిశ్రీ మా అమ్మాయి, రాజనాల మా కావలి ఆయన అని పొరుగూరివాళ్ళు దొరికితే చాలు నేనూ వదలను. నచ్చిన సీను పక్కవాడికి చూపించాలనిపించడం కూడా సహజమే. గొడవంతా "ఇప్పుడొస్తుంది చూడు" దగ్గర.

ఆ మాట అన్నాక సీనన్న ఫోన్ వైపు చూడడు. సీను ఆయనకి కంఠతా వచ్చు. ఆయన చూసేది నా మొహం. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ లాగా, నా పెదవులు ఎక్కడ కదులుతాయో, కనుబొమ్మలు ఎప్పుడు లేస్తాయో రెప్ప వెయ్యకుండా కాపలా కాస్తాడు. డైలాగు ఒక సెకను ముందే తను చెప్పేసి, ఆ తర్వాత పోనీలే అని రంగారావుకి కూడా ఒక అవకాశం ఇస్తాడు. నవ్వు రాకపోతే వెనక్కి జరిపి మళ్ళీ పెడతాడు. వస్తే, "ఇంతేనా?" అంటాడు.

మొన్న కావలిలో మా బంధువుల పెళ్ళి. భోజనాలకి రెండో పంక్తిలోనే సీటు దొరకడం మామూలు అదృష్టం కాదు, మూడో పంక్తివాళ్ళు అప్పటికే మా కుర్చీల వెనక నిలబడి వీళ్ళెప్పుడు లేస్తారా అని ఆకుల్లోకి తొంగి చూస్తున్నారు. పప్పు వేశారు, నెయ్యి వేశారు, గుత్తివంకాయ వచ్చింది, ఇంకా ముద్ద కలపలేదు. పక్క కుర్చీలో సీనన్న. ఆయన ఆకులో గారె పడింది. గారె చూడగానే ఘటోత్కచుడు గుర్తొచ్చాడు. ఎడమ చేత్తో ఫోన్ తీసి, నా నీళ్ళ సీసాకి ఆనించి, సరిగ్గా నా ఆకుకి అవతల నిలబెట్టాడు.

"తమ్ముడూ, వివాహ భోజనం పాట. లడ్డూలు ఎగురుతాయి, ఇప్పుడొస్తుంది చూడు."

అన్నా, నేను వివాహ భోజనంలోనే ఉన్నానన్నా అని చెప్పేలోపు మాధవపెద్ది సత్యం అందుకున్నాడు. నా కుడిచెయ్యి నెయ్యిలో ఉంది, ఎడమ చేత్తో ఫోన్ పక్కకి పెడదామంటే సీసా పడిపోకుండా ఆయన దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఘటోత్కచుడు గారెల్ని, బూరెల్ని, అరిసెల్ని వరసపెట్టి పొగుడుతున్నాడు. సరిగ్గా లడ్డూ గాల్లోకి లేచే సమయానికి సిగ్నల్ పోయింది. రంగారావు నోరు తెరుచుకుని ఆగిపోయాడు, లడ్డూ దారిలో ఆగిపోయింది, తెర మధ్యలో చక్రం తిరుగుతోంది. "ఆగాగు, వస్తుంది, చూపు తిప్పకు" అంటున్నాడు సీనన్న. అంతలో వడ్డించే కుర్రాడు మలైకాజా పళ్ళెంతో వచ్చాడు. నా ఎదురుగా ఫోన్ చూసి, ఈయనెవరితోనో వీడియో కాల్‌లో ఉన్నాడు, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నాడేమో, ఎంతో మర్యాదగా నన్ను దాటేసి పక్క ఆకుకి వెళ్ళిపోయాడు.

లడ్డూ నోట్లో పడింది. "చూశావా!" చూశానన్నా. నా మలైకాజా వరస చివరిదాకా పోవడం కూడా చూశాను.

"నువ్వు సరిగ్గా నవ్వలేదు" అని మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి వెనక నిలబడ్డ పెద్దాయన నా భుజం మీదుగా వంగి, "కాస్త సౌండు పెంచు నాయనా" అన్నాడు. ఆయన వెనకాల ఇద్దరు పిల్లలు చేరారు. నా ఆకు ఉన్నట్టుండి మొదటి వరస టికెట్ అయిపోయింది, ముద్ద ఎత్తితే తెరకి అడ్డమని ఒక పిల్లాడు "అంకుల్, చెయ్యి" అన్నాడు. సాంబారు వెళ్ళిపోయింది, పెరుగు వెళ్ళిపోయింది, ఆకులెత్తేవాడు బుట్టతో వచ్చి నిలబడ్డాడు. ఘటోత్కచుడు వంటశాల మొత్తం ఖాళీ చేశాడు. నేను ఒక గారె తిన్నాను.

ఇది ఎదురుపడినప్పటి సంగతి. ఎదురుపడకపోతే వాట్సాప్ ఉంది. వీడియో పంపుతాడు, నీలం టిక్కులు పడగానే ఫోన్ చేసి గూస్‌బంప్స్ వచ్చాయా అని అడుగుతాడు. ఒకసారి టీ అంగట్లో వచ్చాయని అబద్ధమాడితే నా చొక్కా చెయ్యి పైకి లాగి రోమాలు తనిఖీ చేశాడు.

పంపే వీడియోల అవతారం ఇంకో కథ. అన్నీ నిలువు ముక్కలే. అడ్డంగా తీసిన సినిమాని నిలువుగా నిలబెట్టాలంటే రెండు పక్కలా నరకాలి కదా, నరికేస్తారు. 'మాయాబజార్'లో చిన్నమయ్య వేసిన రమణారెడ్డి ఎవరు? మా జగదేవిపేట మనిషి, సినిమాల్లోకి పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగం చేసుకున్నవాడు, మ్యాజిక్ కూడా తెలిసినవాడు. ఆ బక్కపలచని మనిషి ఫ్రేములో ఓ పక్కన నిలబడి మెడ తిప్పితే చాలు జనం నవ్వేవాళ్ళు. సీనన్న పంపిన ముక్కలో ఆయన ఒక మోచెయ్యి మాత్రమే ఉంది. నెల్లూరువాడు నెల్లూరువాడికి పంపిన వీడియోలో రమణారెడ్డి లేడు! 2019లో సూళ్లూరుపేట దగ్గర సినిమా హాల్లో అంత పెద్ద తెర కట్టారని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాం (2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయింది, ఆ బాధ వేరే), ఇప్పుడు అరచేతిలో మోచెయ్యి చూస్తున్నాం.

ఇంతవరకూ నవ్వుకుని వదిలెయ్యొచ్చు. పోయిన వారం ఒంగోలు బస్సులో జరిగింది మాత్రం వదలను.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం సీనన్న సిద్ధాంతానికి విరుద్ధం. బస్సు మొత్తానికి వినబడేలా 'ప్రతిఘటన'లో క్లాస్‌రూమ్ పాట పెట్టాడు. 1985 సినిమా, టి.కృష్ణ తీశాడు, ప్రకాశం జిల్లా మనిషి, ఆ మరుసటి ఏడాదే పోయాడు. పాట వేటూరిది, గొంతు జానకిది. సీనన్న పెట్టిన ముక్క విజయశాంతి తల ఎత్తిన దగ్గర మొదలవుతుంది. వెనక ఎవడో డప్పుల మోత కలిపాడు, మీద 'లేడీ సింహం' అని రాశాడు, నిప్పులు ఎగరేశాడు. సీనన్న ఈల వేశాడు. వెనక సీటు కుర్రాళ్ళు ఇంకో ఈల కలిపారు.

దేనికయ్యా ఈల? ఆ పాటకి ముందు ఏం జరిగిందో ఆ ముక్కలో ఉందా? పట్టపగలు హత్య చేసిన రౌడీ మీద సాక్ష్యం చెప్తానన్నందుకు లెక్చరర్‌గా వేసిన విజయశాంతిని నడివీధిలో వివస్త్రని చేశారు. అది దిగమింగుకుని పాఠం చెప్పడానికి వస్తే, ఆమె చదువు చెప్పిన పిల్లలే బోర్డు మీద బూతుబొమ్మ గీసిపెట్టారు. ఆ బొమ్మ ముందు నిలబడి పాడింది ఆ మనిషి. ఆ బొమ్మ కత్తిరించేసి, ఆ అవమానం కత్తిరించేసి, దాన్ని హీరో ఎంట్రీ లాగా చేసుకుని చప్పట్లా? అది ఎలివేషన్ కాదు, ఆ బెంచీల మీద కూర్చున్న మగపిల్లల్ని నిలబెట్టి కడగడం. దాన్ని చూసి ఈల వేస్తున్నావంటే నువ్వు కూర్చున్నదీ ఆ బెంచీ మీదే, ఆ సుద్దముక్క నీ చేతిలోనూ ఉంది, ఇంకా సిగ్గులేకుండా నన్ను గూస్‌బంప్స్ వచ్చాయా అని అడుగుతున్నావు!

ఇదే మాట కొంచెం తగ్గించి సీనన్నతో అన్నాను, ఎంతైనా పెద్దవాడు. ఒంగోలు చేరడానికి ఇంకా బోలెడు టైముంది, సినిమా మొత్తం పెట్టన్నా, టైటిల్స్ నుంచీ, మధ్యలో నోరు మెదపకుండా ఇద్దరం చూద్దాం అన్నాను. సీనన్న నా వైపు జాలిగా చూసి, "అంతసేపు ఎవురు చూస్తారు తమ్ముడూ" అని ఇంకో ముక్క వెతకడం మొదలుపెట్టాడు.