సూది ముందా, స్కాన్ ముందా?

జ్వరం, తలనొప్పి, వాంతులు. వానాకాలం హైదరాబాద్‌లో ఏ క్లినిక్‌కెళ్లినా వినిపించేవే. వీటికి తోడు మెడ బిగుసుకుపోయినా, మనిషి మగతలోకి జారినా, చంటిబిడ్డ పాలు మానేసి మాడు ఉబ్బినా గంటల్లో తేలాల్సిన వ్యవహారమది. ఇవి మెనింజైటిస్, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల వాపు, లక్షణాలు కావచ్చు. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ సోకినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారని, బతికిన ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక వైకల్యం మిగులుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ రెండో లెక్కను మనం పట్టించుకోవడం లేదు.

మెదడును దెబ్బతీసేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, దానిపై శరీరం చేసే ఎదురుదాడి కూడా. యాంటీబయాటిక్ పడగానే పగిలిన బ్యాక్టీరియా ముక్కలు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలో కలిసి వాపును ఇంకా రేపుతాయి. పుర్రె సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందదు. అందుకే తొలి డోసుతోపాటే, లేదా కాస్త ముందే, డెక్సామెథసోన్ ఇవ్వాలంటారు. ఇది చాలా చవకైన స్టెరాయిడ్. 2002లో వెలువడిన యూరప్ అధ్యయనంలో దీనివల్ల పెద్దవాళ్లలో మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆఫ్రికా దేశం మలావీలో జరిగిన అధ్యయనంలో ఆ లాభం కనబడలేదు, నిజమే. అయినా చెవుడు ముప్పును తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి.

మందు కొరత కాదు, వరస తప్పడమే మన సమస్య. రోగిని స్ట్రెచర్ మీదే స్కానింగ్ గది ముందు ఉంచి, రిపోర్టు వచ్చాకే యాంటీబయాటిక్ సూది వేద్దామనే ధోరణి పోవాలి. స్కాన్ ఆలస్యమయ్యేట్లయితే రక్తం నమూనా తీసుకుని చికిత్స మొదలుపెట్టాలి. జబ్బు నిర్ధారణకు వెన్నునీరు తీసి పరీక్షించాలంటే, ‘వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయి’ అని బంధువులు అడ్డుపడటం మరో తలనొప్పి. సంతకం పెట్టమని కాగితం చేతికిచ్చి వెళ్లిపోతే ఆ భయం పోదు, డ్యూటీ డాక్టరు రెండు నిమిషాలు నిలబడి చెప్పాలి.

సర్కారు ఉచితంగా వేస్తున్న పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా), పీసీవీ (న్యుమోకోకల్ టీకా) ఈ జబ్బుకు కారణమయ్యే హిబ్, న్యుమోకోకస్ అనే రెండు ప్రధాన బ్యాక్టీరియాల నుంచి రక్షణ ఇస్తాయి. ఇల్లు మారిన కూలీల పిల్లలకు 14 వారాల డోసు, 9 నెలల డోసు తప్పిపోకుండా ఆశా కార్యకర్తలు చూడాలి.

కోలుకున్నవారికి వినికిడి పరీక్ష డిశ్చార్జికి ముందే జరగాలి, కుదరకపోతే 4 వారాల్లోగా. మెనింజైటిస్ తర్వాత లోపలి చెవిలో ఎముక పెరిగితే కాక్లియర్ ఇంప్లాంట్ (చెవుడు వచ్చినవారికి వినిపించేలా లోపలి చెవిలో పెట్టే పరికరం) అమర్చడం కష్టమవుతుంది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్లు జరుగుతున్నాయి. మెనింజైటిస్ నుంచి బయటపడిన ప్రతి బిడ్డ డిశ్చార్జి కాగితంపై వినికిడి పరీక్ష తేదీ రాయాలని వైద్య ఆరోగ్యశాఖ వెంటనే ఉత్తర్వులివ్వాలి.