కూలర్‌కి ఆరేళ్ల వారంటీ సరే, దాని కిందున్న గ్రాఫిక్స్ కార్డు సంగతేంటి?

పీసీ గ్రూపుల్లో రోజూ ఇదే గోల. "బ్రో, ఈ ఏఐఓకి 5 ఏళ్ల వారంటీ, దానికి 6 ఏళ్లు, ఏది తీసుకోమంటారు?" ఏఐఓ అంటే పంపు, పైపులు, ద్రవం అన్నీ కలిపి వచ్చే ప్రాసెసర్ కూలర్. కింద అందరూ కళ్లు మూసుకుని ఆరేళ్లదానికే ఓటేస్తారు. ఆ ఆరేళ్లూ వారంటీ దేనికి అని అడిగిన పాపాన ఒక్కడూ పోడు.

ఒకసారి ఆ వారంటీ పీడీఎఫ్ తెరిచి కింది దాకా వెళ్లండి. చాలా కంపెనీల కాగితాల్లో చివర ఒక పేరా ఉంటుంది. లాయర్ల భాష తీసేస్తే దాని సారం ఇంతే: మా వస్తువు పాడైతే బాగుచేస్తాం, లేదా మారుస్తాం. దానివల్ల ఇంకేది పాడైనా మాకు సంబంధం లేదు. అంటే 12 వేల కూలర్ లీకై 70 వేల గ్రాఫిక్స్ కార్డు తగలబడితే, మీ చేతికొచ్చేది ఇంకో 12 వేల కూలర్. దాన్ని బిగించుకోవడానికి మదర్‌బోర్డు మిగిలి ఉండటం మీ అదృష్టం.

కేబినెట్ లోపల ఏది ఎక్కడుంటుందో గుర్తు తెచ్చుకోండి. బోర్డు నిలువుగా ఉంటుంది. పైన ప్రాసెసర్ మీద పంపు, దాని కిందే వీపు పైకి పెట్టి అడ్డంగా పడుకున్న కార్డు. పంపు దగ్గర పైపు బిగింపులో ఎక్కడ చెమ్మ ఊరినా ఆ బొట్టు పడేది సిస్టమ్‌లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు మీదే. "లోపలున్నది డిస్టిల్డ్ వాటరే కదా, కరెంటు పాస్ అవదు" అని వాదించేవాళ్లూ ఉన్నారు. లోపలున్నది నీళ్లు, గ్లైకాల్, తుప్పు పట్టకుండా వేసిన రసాయనాలు. ఏళ్ల తరబడి రాగి, అల్యూమినియం మధ్య తిరిగి, బయటికొచ్చి బోర్డు మీది దుమ్ములో కలిశాక అది కరెంటును సుబ్బరంగా పాస్ చేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో పైఇంటి పైపు పగిలి మన హాల్ సీలింగ్ ఊడిపడితే, పైఇంటాయన వచ్చి "నా పైపు నేను మార్పించుకున్నానండీ, ఇక మీకూ నాకూ సంబంధం లేదు" అంటే ఊరుకుంటామా? అసోసియేషన్ మీటింగ్‌లో చొక్కా పట్టుకుంటాం. అదే మాట కంపెనీ లెటర్‌హెడ్ మీద వస్తే మాత్రం "పాలసీ అంతేనట బ్రో" అని తల దించుకుంటాం.

వరంగల్‌లో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. "అన్నా, సిస్టమ్ ఆన్ అయి వెంటనే ఆఫ్ అయితాంది" అని ఫోన్ చేస్తే వెళ్లి మూత తీశాం. టార్చి వేసి చూస్తే పంపు పక్కన వేలికి జిగటగా తగిలింది. కార్డు బ్యాక్‌ప్లేట్ మీద ఆరిపోయిన తెల్లటి చారలు. కార్డు బయటికి లాగితే స్లాట్‌లో కూర్చునే బంగారు రంగు పిన్నుల మీద, పాత రాగి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుము. సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "కూలర్ రీప్లేస్ చేసిస్తం సార్, కార్డు మా ప్రొడక్ట్ కాదు కద సార్" అన్నాడు. కార్డు కంపెనీ వాళ్లు ఫొటోలు చూసి "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అన్నారు. ఇద్దరి దగ్గరా వారంటీ బతికే ఉంది. కార్డు మాత్రం చచ్చింది.

కూలర్ అభిమానులు ఇక్కడ ఒక మాటంటారు: లీకులు చాలా అరుదు, ఎక్కువగా చచ్చేది పంపే. ఒప్పుకుంటా. అంత అరుదైతే ఆ నష్టం మేం భరిస్తామని రాసివ్వడానికి భయమెందుకు? ఎప్పుడో ఒకరికి కట్టాల్సి వస్తుంది, అంతేగా. కొన్ని పెద్ద కంపెనీలు లీకు వల్ల పాడైన బోర్డులకీ కార్డులకీ పరిహారం ఇచ్చిన సందర్భాలున్నాయి, వాళ్లకి దండం. కానీ కాగితం మీద లేనిది వాళ్ల దయ. ఆ రోజు మెయిల్ చూసే మనిషి మూడ్ బాగుంటే వస్తుంది, లేకపోతే లేదు.

బాధ్యతగా ఉండటం కుదరదనీ కాదు. 2022లో ఆర్కిటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ 2 కూలర్లలో కొన్నిటి గ్యాస్కెట్‌లో (లీకవకుండా వేసే రబ్బరు సీలు) లోపం ఉందని తనే బయటపెట్టి, మార్చుకునే కిట్ ఉచితంగా ఇచ్చింది. ఒక రబ్బరు ముక్క గురించి అలా చెప్పుకోవడానికి దమ్ముండాలి.

ఇక అసలు విషయం. వారంటీ కార్డులో లేదంటే కథ అయిపోయిందనుకుంటున్నారు చాలామంది. మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ప్రొడక్ట్ లయబిలిటీకి, అంటే లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి ఎవరు బాధ్యులో చెప్పడానికి, ఒక అధ్యాయమే ఉంది. 2020 జులై నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 2(22)లో ఈ అధ్యాయానికి "హాని" అంటే ఏమిటో చెప్పారు: ఆ వస్తువు కాకుండా ఇతర ఆస్తికి జరిగిన నష్టం అందులోకి వస్తుంది, ఆ వస్తువుకే జరిగింది రాదు. వారంటీ ఎక్కడ చేతులెత్తేస్తుందో సరిగ్గా అక్కడ ఈ అధ్యాయం మొదలవుతుందన్నమాట! తయారీ లోపం గానీ డిజైన్ లోపం గానీ ఉంటే సెక్షన్ 84 కింద తయారీదారుదే బాధ్యత. ఎవరో చేసిన సరుకు మీద తన బ్రాండ్ ముద్ర వేసుకున్నవాడూ తయారీదారే, కాబట్టి "మేం చేయలేదు, ఫలానా ఫ్యాక్టరీ చేసింది" అంటే కుదరదు. తయారీదారుకి మన దేశంలో నోటీసే అందించలేకపోతే సెక్షన్ 86 కింద అమ్మినవాడిని పట్టుకోవచ్చు, దిగుమతిదారు కూడా ఆ లెక్కలోకే వస్తాడు.

ఇందులో మెలికలూ ఉన్నాయి. వారంటీ షరతులు ఉల్లంఘించడం వల్ల జరిగిన నష్టాన్ని, వ్యాపార నష్టాన్ని ఆ సెక్షన్ 2(22)యే పక్కన పెట్టింది. అందుకే ఫిర్యాదులో "వారంటీ ఇవ్వలేదు" అని ఏడవకుండా "వస్తువులో లోపం ఉంది, దానివల్ల నా కార్డు పాడైంది" అని రాయాలి. పెళ్లి వీడియో టైముకి ఇవ్వలేక పోయిన డబ్బులు ఈ దారిలో రావు. పైపు ఊడదీసి, నీళ్లు నింపి, సొంత ప్రయోగాలు చేసి ఉంటే అమ్మినవాడి మీద కేసు నిలబడదు.

గెలుపోటములు తేలేది మాత్రం సాక్ష్యం దగ్గరే. తడి కనిపించగానే గుడ్డ పెట్టి తుడిచేస్తారు మనవాళ్లు. ముందు ప్లగ్ పీకండి, తర్వాత వీడియో తీయండి: చుక్క ఎక్కడ పుట్టింది, ఎక్కడ పడింది, కూలర్ సీరియల్ నంబరు, కార్డు సీరియల్ నంబరు. సర్వీస్ సెంటర్‌లో రాసిచ్చే జాబ్ షీట్ మీద ఏం రాశారో చూడకుండా కూలర్ ఇవ్వొద్దు. మా తమ్ముడిదాని మీద "నాట్ కూలింగ్" అని కొట్టారు. అది కొట్టేయించి "లీకేజ్" అని రాయించి, ముద్ర వేయించేసరికి గంట పట్టింది. "నాట్ కూలింగ్" అని సంతకం పెట్టి పాత కూలర్ ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంటే, లీకైందనడానికి ఉన్న ఒక్క సాక్షినీ మన చేతులతో మనమే వాళ్లకి అప్పగించినట్టు. జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా కొన్నవాళ్లకైతే నేను చెప్పేదేమీ లేదు.

ముందు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, అప్పటికీ కదలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు. వస్తువు కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

ఇంకా కొననివాళ్లు కొనే ముందే ఆ బ్రాండ్ సపోర్ట్‌కి ఒక మెయిల్ కొట్టండి: "మీ కూలర్ లీకై నా బోర్డు, కార్డు పాడైతే వాటి ఖర్చు మీరిస్తారా? అవునా, కాదా?" జవాబు బిల్లుతో పాటు దాచుకోండి. "కేసును బట్టి చూస్తాం" అని వస్తే నేనైతే దాన్ని "కాదు" కిందే రాసుకుంటా. ఏ బ్రాండ్ నుంచి ఏం జవాబొచ్చిందో స్క్రీన్‌షాట్ తీసి కామెంట్లో పెట్టండి.