సవరణ: 90 రోజులు దాటినా కేసు పోదు

హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే కేసు కొట్టేస్తారని మొన్న పోస్టులో రాశాను. అది తప్పు. విజయవాడ కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయర్ గారు చెప్పాక సెక్షన్ మళ్లీ చదివాను. గడువు దాటాక నిందితుడు అడిగితే బెయిల్ హక్కుగా వస్తుంది, అంతే. దర్యాప్తు ఆగదు. ఆ బెయిల్ కూడా బలమైన కారణాలుంటే రద్దు చేయొచ్చని వివేకానందరెడ్డి హత్య కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

నా పోస్టు చూసి గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఎఫ్‌ఐఆర్ కాపీ మడతల దగ్గర చిరిగిపోయింది బాబూ, అయినా దాచుకున్నా. ఇక మా అబ్బాయి కేసు లేనట్టేనా?" అన్నారు. ఉందమ్మా. స్టేషన్‌కి వెళ్లి అడగండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోగా చెప్పాలని కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలోనే ఉంది.