సవరణ: నార్డిక్ కౌన్సిల్ చట్టాలు చెయ్యదు

నార్డిక్ దేశాల (డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లండ్, ఐస్‌లాండ్) మీద మొన్నటి పోస్టులో రెండు మార్పులు.

"నార్డిక్ కౌన్సిల్ చట్టాలు ఐదు దేశాలకూ వర్తిస్తాయి" అన్న వాక్యం తీసేశాం. 1952లో పుట్టిన ఆ కౌన్సిల్‌లో ఆయా పార్లమెంటుల నుంచి వచ్చిన 87 మంది ఉంటారు. వాళ్లు చేసేది సిఫారసులే. ప్రభుత్వాల మధ్య పని నడిపేది 1971లో ఏర్పడ్డ నార్డిక్ మంత్రుల మండలి. అక్కడ నిర్ణయాలు ఏకగ్రీవం కావాలి, ఒక్క దేశం అడ్డం తిరిగితే ఫైలు కదలదు.

ఈ దేశాల మధ్య పాస్‌పోర్టు లేని రాకపోకలు షెంజెన్ (యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఒప్పందం) పుణ్యం అన్నదీ నిజం కాదు. ఆ సౌకర్యం 1950లలోనే వచ్చింది. షెంజెన్ అక్కడ అమలైంది 2001లో. సరిహద్దు ఎంత తేలికో చూడాలంటే, స్వీడన్‌లోని హపరాండా, ఫిన్లండ్‌లోని టోర్నియో పక్కపక్క ఊళ్లు. వాటి గోల్ఫ్ మైదానం సరిహద్దు మీదే ఉంది, బంతి కొడితే గంట తేడా ఉన్న దేశంలో పడొచ్చు! మురుగునీటి శుద్ధి కేంద్రం కూడా ఉమ్మడిదే.