సవరణ: బెన్‌హర్ రథం మీంచి ఎగిరిపడింది యాకిమా కానట్ కాదు
హాలీవుడ్ వెస్టర్న్ సినిమాల స్టంట్‌మ్యాన్ యాకిమా కానట్ (1895–1986) గురించిన పోస్టులో, బెన్‌హర్ (1959) రథాల పందెంలో ఎగిరిపడింది ఆయనే అని ఉంది. అక్కడున్నది ఆయన కొడుకు జో. హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి డూప్‌గా రథం తోలుతూ, ముందువైపు పల్టీ కొట్టాడు. గడ్డానికి గాయంతో బయటపడ్డాడు, ఆ షాట్‌ని సినిమాలో ఉంచేశారు. అప్పటికి అరవై దాటిన యాకిమా ఆ పందెం చిత్రీకరణను నడిపించాడు. ఆ షూటింగ్‌లో ఒక స్టంట్‌మ్యాన్ చనిపోయాడని కామెంట్లలో రాశారు, అదీ పుకారే.

యాకిమా స్వయంగా చేసిన ఫీట్ చూడాలంటే స్టేజ్‌కోచ్ (1939) చూడండి. పరుగెత్తే గుర్రాల మధ్య పడి, కాసేపు ఈడ్చుకుపోయి, చెయ్యి వదిలేస్తే ఆ గుర్రాలు లాగే బండి మొత్తం ఆయన మీదుగా వెళ్లిపోతుంది. నా మటుకు రథాల పందెం కన్నా ఇదే గొప్ప.

ఇంకొకటి. యాకిమాకి దక్కింది ఆ పోస్టులో ఉన్నట్టు 'ఉత్తమ స్టంట్' ఆస్కార్ కాదు, అప్పట్లో ఆ విభాగమే లేదు. 1966 సంవత్సరానికి ఇచ్చిన గౌరవ ఆస్కార్ అది. స్టంట్లతో పాటు, స్టంట్‌మెన్ ప్రాణాలు కాపాడే పరికరాలు తయారుచేసినందుకూ ఇచ్చారు. గుర్రం మీంచి పడేటప్పుడు కాలు ఇరుక్కోకుండా ఆయన చేసిన రికాబు (జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే చట్రం) వాటిలో ఒకటి.